మిట్టన పెట్టిందా, పల్లంలో పెట్టిందా

సింగపూరులో మా నాయనకు మొట్టమొదట గిట్టనిది వాన.

దిగిన రోజు మధ్యాహ్నమే కురిసింది. ఉన్నట్టుండి ఆకాశం నల్లబడింది, కుండపోతగా దంచింది, కాసేపటికి ఏమీ ఎరగనట్టు ఎండ కాసింది. నీళ్లన్నీ బుద్ధిగా కాలవల్లోకి పోయాయి. రోడ్డు మీద ఒక్క మడుగు మిగల్లేదు. హోటల్ గుమ్మంలో నిలబడి అంతా చూసిన నాయన, "ఏమప్పా, ఈ వాన ఈడ ఎవురికి కావాల?" అన్నాడు. మా ఆయన ట్యాక్సీ కోసం ఫోనులో వెతుకుతున్నాడు. మా అమ్మాయి ఐస్‌క్రీం అంగడి కోసం వెతుకుతోంది. నేను ఎదుటి చెట్టు మీద వాలిన పచ్చ పావురాన్ని చూస్తున్నాను. నాయన కాలవలోకి తొంగిచూసి, "అంతా సిమెంటు మీద పోసినారు గదరా" అని గొణిగాడు, ఎవరో బియ్యం ఒలకబోసినట్టు.

మాది బెళుగుప్ప దగ్గర పల్లె. పెళ్లయ్యాక నేను అనంతపురం చేరి అక్కడే బడిలో పాఠాలు చెప్పుకుంటున్నాను. మా ఆయనది ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం. పెళ్లిళ్లున్నన్నాళ్లు ఆయనకు తీరదు, బడి తెరిస్తే నాకు తీరదు. ఆ రెంటికీ నడుమ దొరికిన సందు జూన్ మొదట్లో కొద్ది రోజులు, సరిగ్గా మృగశిర కార్తె వచ్చే రోజులు. చెనక్కాయ, అంటే వేరుశనగ, విత్తే మనిషిని ఆ రోజుల్లో ఊరు దాటించడమంటే పెళ్లికొడుకుని పీటల మీద నుంచి లేపుకుపోవడమే. నాయన రానన్నాడు. "తాతా, నువ్వు రాకపోతే నేనూ పోను" అని మా అమ్మాయి మొండికేసింది. మా నాయన ఎవరికైనా లొంగాడంటే ఆ పిల్లకే. లొంగాడు గానీ బెంగళూరు విమానాశ్రయంలో కూడా నలుగురికీ వినబడేట్టు, "మబ్బు యాటికి తిరిగింది చూడు పాపా" అని నన్ను అడుగుతూనే ఉన్నాడు. నేను ఆయనకు ఇంకా పాపనే.

ఆయన ఆత్రానికి కారణం లేకపోలేదు. వరసగా రెండేళ్లు మా విత్తనం మట్టిపాలైంది. మొదటి జల్లు పడగానే ఊరంతా విత్తడానికి గొర్రు కట్టింది, పొలం చూసుకునే మా తమ్ముడూ కట్టాడు. ఆ తర్వాత మబ్బనేది కనబడలేదు. మొలిచింది మొలిచినట్టే మాడింది. మా పొలానికి తూర్పున ఇప్పటికే సోలారు పలకలు పరిచేశారు. పొద్దెక్కితే అటు చూడాలంటే చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. ఈ ఉగాదికి తమ్ముడు తెగేసి చెప్పాడు: "ఈతూరి ఎప్పుడు ఏయాలో నువ్వే చెప్పు నాయనా. నీ మాట మీదనే ఏస్తా. ఇది కూడా పోయిందంటే మాత్రం పొలం సోలారోళ్లకు లీజుకిచ్చేస్తా. మళ్లా నన్నేం అనొద్దు." నాయన సరేనన్నాడు. అంతకంటే ఏమంటాడు?

నాయన మాట అంటే నిజానికి నాయన మాట కాదు, తీతువు మాట. మా పొలాన్ని ఆనుకుని ఒక కుంట ఉంది. ఎండలు ముదిరేసరికి అందులో చుక్క నీరుండదు, పగిలిన బంకమట్టీ గులకరాళ్లూ తప్ప. ప్రతి ఏడూ అక్కడ ఒక తీతువుల జత తిరుగుతుంది. ఆ పిట్టకు గూడు కట్టే ఓపిక లేదు, నేల మీదే రాళ్ల నడుమ చిన్న గుంత చేసి గుడ్లు పెడుతుంది. కట్ట మీద, మిట్టన పెట్టిందంటే వానలు దండిగా పడతాయి, నీళ్లొస్తాయని దానికి తెలుసన్నమాట. కుంట నడుమ పల్లంలో పెట్టిందంటే కరువు. ఈ మాట ఊళ్లో అందరికీ తెలుసు. అయితే పోయి చూసి, దాన్ని బట్టి విత్తేవాడు మా నాయన ఒక్కడే. మిగతావాళ్లకు తీతువు కూత అపశకునం, వింటే చెవులు మూసుకుంటారు. తమ్ముడు తొందరపడిన రెండేళ్లూ అది పల్లంలోనే పెట్టిందట. "చెప్పినా, వినలేదు" అని నాయన ఇప్పటికీ అంటాడు. అందుకే ఈసారి తమ్ముడు తల వంచింది. తీరా మేం బయల్దేరే నాటికి పిట్ట ఇంకా ఎక్కడా పెట్టలేదు.

నాకు పిట్టల పిచ్చి నాయన నుంచే అంటింది. ఆదివారం పొద్దున బుక్కరాయసముద్రం చెరువు గట్టు మీద బైనాక్యులరు పట్టుకుని నిలబడకపోతే నాకు వారం గడవదు. మా ఇద్దరి పిచ్చీ ఒకటి కాదు. నేను పిట్టను ఊరికే చూస్తాను. ఎగిరింది, వాలింది, ఎంత బాగుంది అంతే. నాయనకు పిట్ట ఏదో ఒకటి చెప్పాలి. చెప్పని పిట్టతో ఆయనకు పని లేదు.

ఈ ప్రయాణంలో నేను మా ఆయనతో ఒక ఒప్పందం చేసుకున్నాను. పొద్దున టిఫిను వేళ దాకా పార్కులు నావి, ఆ తర్వాత రోజంతా వాళ్లు తిప్పిన చోటికి నోరు మూసుకుని తిరుగుతాను. నోరు మూసుకోవడం నా వల్ల అయ్యే పని కాదని ఆయనకు తెలుసు, అయినా ఒప్పుకున్నాడు. తెల్లారేసరికి నాయన బూట్లు తొడుక్కుని, భుజాన టవలు వేసుకుని, కుర్చీ అంచున కూర్చుని ఉండేవాడు. ఎప్పుడు లేచాడో తెలీదు.

ఆ ఊళ్లో పార్కులు మన పార్కుల్లా గేటూ టిక్కెట్టూ ఉన్నవి కావు. మేడల నడుమ, కాలవల వెంబడి, ఎక్కడ పడితే అక్కడ చెట్లు. కాలిబాట మీద అడవికోడి పుంజు తన పెట్టలతో దర్జాగా నడిచిపోతుంటే నాయన నిలబడిపోయాడు. "ఎవురూ పట్టుకోరా దీన్ని?" అన్నాడు. పట్టుకుంటే జరిమానా అన్నాను. "కోడిని పట్టుకుంటే జరిమానానా! మన పక్కింటాయప్పకు చెప్తే ఈడికే వచ్చి కాపురం పెడతాడు." ముక్కు మీద ఇంకో ముక్కు మొలిచిన పెద్ద పిట్ట ఒకటి మేడ మీది పిట్టగోడపై కూర్చుని ఉంది. అలాంటిది ఊరి నడుమ కనబడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. బైనాక్యులరు నాయన చేతికిచ్చాను. ఆయన దాన్ని దుర్బీను అంటాడు. చూశాడు, బాగానే చూశాడు. ఆపైన, "ఇదేం చెప్తాది?" అన్నాడు.

"ఏం చెప్పదు నాయనా. ఊరికే ఉంటాది."

"ఊరికేనా?"

"ఊరికే."

"బాగుండాది దీని బతుకు" అని దుర్బీను నాకిచ్చేశాడు. కోయిల ఒకటి చెట్టు చివర నుంచి గొంతు చించుకుంటే మాత్రం, "ఇదీ వచ్చిందే ఈడికి" అని చుట్టాన్ని చూసినట్టు నవ్వాడు. ఆ నవ్వు కూడా ఎంతో సేపు నిలవలేదు. ఒక చెట్టు కింద నిలబడితే పక్క చెట్టు వైపు చూస్తాడు, బెంచీ మీద కూర్చుంటే లేస్తాడు, జేబులో ఫోను తడుముకుంటాడు. పిట్టను చూడాలంటే కదలకుండా నిలబడాలి. ఆయన పక్కన ఉంటే పిట్టా నిలవదు, నేనూ నిలవలేను. నాకు చిరాకు పట్టుకుంది. ఏడాదికోసారి దొరికే నాలుగు రోజులు, అవీ ప్రశాంతంగా లేవు.

రోజూ ఉదయం తమ్ముడి ఫోను వచ్చేది. మూడో నాడో నాలుగో నాడో వాడి గొంతులో తొందర వినబడింది. "రాత్రి జల్లు పడినాది నాయనా. పదను అంతంతమాత్రమే. అయినా పక్క పొలమోళ్లు గొర్రు కట్టేసినారు. ఏం చేద్దాం?" పదనంటే విత్తు మొలవడానికి సరిపడా తేమ. అది నేలలో రెండు మూడు రోజులే నిలుస్తుంది.

"పిట్ట యాడ పెట్టింది, చూసినావా?"

"ట్రాక్టరాయప్ప ఎల్లుండి వదిలితే మళ్లా దొరకడంట. నేనేమో పిట్టలెంట తిరగాలనా?"

"చూసి చెప్పు" అని నాయన పెట్టేశాడు. ఆ పగలంతా మా ఆయన మమ్మల్ని ఒక పెద్ద మాల్‌లో తిప్పాడు. నాయన ఎస్కలేటర్ ఎక్కి పైకి పోయేవాడు, అక్కడి నుంచి మళ్లీ దిగి వచ్చేవాడు. ఎందుకు నాయనా అంటే, "కూచుంటే కాళ్లు పీకుతాండాయి" అన్నాడు. మా అమ్మాయి అది ఆట అనుకుని ఆయన వెంట తిరిగింది. అద్దాల గోడకు అవతల సాయంకాలపు వాన కురుస్తుంటే మాత్రం ముఖం తిప్పుకున్నాడు.

మర్నాడు వేరే పార్కుకి పోయాం. పెద్ద కాలవ, దాని పక్కన నడకదారి, దారికి అవతల కంచె వేసిన ఖాళీ స్థలం. ఏదో కట్టడానికి వదిలినట్టుంది, గడ్డి పెరిగి అక్కడక్కడా మట్టికుప్పలున్నాయి. నేను నీళ్ల అంచున రాయిలా నిలబడ్డ కొంగను చూస్తున్నాను. వెనక నుంచి కూత వినబడింది. తీ-తీ-తువ్వు, తీ-తీ-తువ్వు. నేను తిరిగేసరికి నాయన కంచె పట్టుకుని నిలబడి ఉన్నాడు.

తీతువే. కళ్ల ముందర అదే ఎర్రటి తోలు, అవే పసుపు కాళ్లు, మనిషిని చూస్తే అదే రుసరుస. మన దానికి కంటి వెనక నుంచి పొట్ట దాకా తెల్లటి పట్టీ దిగుతుంది. దీనికి తల, మెడ అంతా నల్లన, చెంప మీద మాత్రం తెల్ల మచ్చ. "మనది కాదు నాయనా, జాతి ఒకటే గానీ తేడా ఉండాది" అన్నాను.

"దాయాది" అన్నాడు నాయన కళ్లు తిప్పకుండా. "దాయాదైతే ఏం, రక్తం రక్తమే."

మా వైపు అరుస్తూ రెండు చుట్లు కొట్టి అది ఒక మట్టికుప్ప మీద వాలింది, ఒళ్లు సర్దుకుని కూర్చుంది. మళ్లీ లేచినప్పుడు బైనాక్యులర్లో స్పష్టంగా కనబడ్డాయి. మట్టిరంగు మీద నల్ల మరకలున్న గుడ్లు, మొనలన్నీ లోపలికి తిప్పి. నాయన దుర్బీను లాక్కున్నాడు. ఊరు విడిచాక ఆయన ఒకచోట కదలకుండా నిలబడింది అప్పుడే. నాకు ఎంత సంతోషమనిపించిందంటే, పిట్టను చూడడం కూడా మరిచి ఆయన్నే చూస్తూ నిలబడ్డాను. ఇక ఈ నాలుగు రోజులు గడుస్తాయి అనుకున్నాను.

ఆయన అప్పటికే ఫోను చెవిన పెట్టుకున్నాడు. "ఒరే, మిట్టన పెట్టింది! మంచి మిట్టన. ఏసెయ్!"

తమ్ముడి గొంతు నాకూ వినబడింది, ఉత్సాహంగా. "యాడ నాయనా, కట్ట మీదనా? నాకు కనపళ్లేదే! నీకెవురు చెప్పినారు?"

"ఎవురో చెప్పేదేంది, నా కండ్లతో చూస్తాండా. ఈడ, సింగపూర్లో."

"అక్కా" అని కేకేశాడు తమ్ముడు, "నాయనకు ఎండ దెబ్బ తగిలిందా?"

నేను ఫోను లాక్కున్నాను. ఇప్పుడే ఏమీ వేయొద్దు, నేను మళ్లీ మాట్లాడతా అని పెట్టేశాను. నాయన నా వైపు చూసిన చూపు, చిన్నప్పుడు బావి గట్టెక్కితే చూసిన చూపు. టిఫిను బల్ల దగ్గర గొడవ మొదలైంది. ఈ ఊళ్లో రోజూ వాన కురుస్తుంది, ఇక్కడి పిట్ట మిట్టన కాక ఎక్కడ పెడుతుంది, దానికి బెళుగుప్ప సంగతి ఏం తెలుసు అన్నాను. నాయన ఇడ్లీ పక్కకు నెట్టి, పిల్లలకు చెప్పినట్టు నిదానంగా చెప్పాడు.

"మబ్బు యాడి నుంచి వస్తాది? సముద్రం మీద నుంచి. ఈ పిట్ట యాడ కూచోనుండాది? సముద్రం పక్కన. మన కుంటలో పిట్టకు మబ్బు వచ్చినాక తెలుస్తాది. దీనికి బయల్దేరేటప్పుడే తెలుస్తాది. బస్సు యాడ బయల్దేరుతాదో ఆడ అడిగితే మేలా, మన ఊరి స్టేజీలో నిలబడి అడిగితే మేలా?"

"మామ చెప్పేదాంట్లో లాజిక్ ఉండాదే" అన్నాడు మా ఆయన. ఆటపట్టించడానికే అన్నాడని తెలుసు. తెలిసినా ఒళ్లు మండింది. చేతిలో చెంచా బల్ల మీద కొట్టినంత పని చేసి లేచి బయటికొచ్చేశాను. మా అమ్మాయి వెనకాలే వచ్చి, "అమ్మా, తాత పిట్ట చెప్తే వాన నిజంగా పడుతుందా?" అని అడిగింది. నాకు తెలీదు అన్నాను. నిజమే, నాకు తెలీదు. పిట్టలకు వాన సంగతి తెలుసని నేను ఎప్పుడూ పూర్తిగా నమ్మలేదు, నమ్మకుండా ఉండనూ లేదు. నన్ను బాధపెట్టింది అది కాదు. ఎవరినీ దేబిరించని మా నాయన, ఊరు కాని ఊళ్లో దారిన పోయే పిట్టను పట్టుకుని నా పొలం ఏం చేయాలి అని అడుగుతున్నాడు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు. అది చూసి నాకు భయమేసింది. ఈ ఒక్క మాట తప్పితే పొలం పోతుందని ఆయన నాకంటే ఎక్కువ భయపడుతున్నాడని అప్పటిదాకా నాకు తట్టలేదు.

తమ్ముడికి ఫోను చేసి బతిమాలాను, తిట్టాను కూడా. కుంటలోకి దిగి వెతకరా, నీ కాళ్లేం అరిగిపోవు అన్నాను. వాడు గొణుగుతూనే సరేనన్నాడు.

వీడియో మర్నాటి పొద్దున వచ్చింది. అప్పుడు మేం మళ్లీ ఆ కంచె దగ్గరే ఉన్నాం. నాయన ఇంక ఏ పార్కుకీ రానన్నాడు, ఆ మట్టికుప్ప చూస్తేనే ఆయనకు కాస్త స్తిమితం. ఫోను ఇద్దరం కలిసి చూశాం. ఎర్ర మట్టి, ఎండిపోయిన తుమ్మ కంప, తమ్ముడి చెప్పుల చప్పుడు. ఉన్నట్టుండి తెర మీదికి రెక్కలు దూసుకొచ్చాయి, వాడు "అబ్బా, దీని..." అంటూ వంగాడు, కెమెరా ఆకాశం చూపించి కిందికి దిగింది. గుడ్లు. కుంటకు నట్టనడుమ, అన్నిటికంటే పల్లంలో, పగుళ్ల పక్కన.

ఫోనులో మా పిట్ట అరుస్తూనే ఉంది. ఆ అరుపు విని మట్టికుప్ప మీది దాయాది గుడ్ల మీద నుంచి దిగ్గున లేచింది. మా నెత్తిన తిరుగుతూ అదీ అరవడం మొదలుపెట్టింది. తన చోటులోకి ఇంకేది జొరబడిందా అని దాని ఆరాటం. ఇటు ఫోనులో ఒకటి, అటు ఆకాశంలో ఒకటి. ఒకటి ఏయమంటోంది, ఒకటి వద్దంటోంది. పరుగెత్తేవాళ్లు ఆగి మమ్మల్ని చూస్తున్నారు. "కట్టేయ్ నాయనా, గుడ్లొదిలి తిరగతాండాది పాపం" అన్నాను. ఆయనకు కట్టడం చేతకాలేదు. నేనే కట్టేశాను.

దాయాది పిట్ట కుప్ప మీదికి దిగి, గుడ్లను ముక్కుతో సర్దుకుని కూర్చునే దాకా నాయన అలాగే చూశాడు.

"వాడికి వద్దని చెప్పు" అన్నాడు. "ఇంట్లో మనిషి వద్దంటాంటే పరాయోళ్ల మాట వినకూడదు."

తమ్ముడు ఫోనులో నిట్టూర్చాడు గానీ మాటకు కట్టుబడ్డాడు. ట్రాక్టరు పక్క పొలాలకు పోయింది. మిగిలిన రెండు రోజులు మా ఆయన చూపించినవన్నీ చూశాం, ఏం చూశామో ఇప్పుడు అడిగితే నేను చెప్పలేను. పొద్దున్నే పార్కుకి పోదామంటే నాయన, "నువ్వు పో పాపా" అన్నాడు. నేనూ పోలేదు.

తిరుగు ప్రయాణంలో బెంగళూరులో దిగి కారెక్కాం. పెనుకొండ దాటుతుండగా ఉత్తరాన ఆకాశం వంకాయ రంగుకు తిరిగింది. అనంతపురం చేరకముందే తమ్ముడి ఫోను. మాట సరిగా వినబడటం లేదు, రేకుల మీద వాన చప్పుడు. "దంచతాండాది నాయనా! ఇట్లాంటి వాన చూసి ఎన్నాళ్లయినాదో!" మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందంటారు. మా ముసలి ఎద్దు మాత్రం వెనక సీట్లో కిటికీ అద్దానికి తల ఆనించి కూర్చుంది. ఎదురు చూసిన వాన వచ్చినందుకు సంతోషించాలో, పిట్ట మాట తప్పినందుకు ఏడవాలో తెలియని ముఖం. నేను వెనక్కి చేయి చాపి ఆయన చేయి పట్టుకున్నాను. విదిలించుకోలేదు.

మర్నాడు పొద్దునకల్లా ఇద్దరం పొలంలో ఉన్నాం. కుంట నిండింది. ఎర్రటి నీళ్లు కట్ట సగం దాకా వచ్చి, అల్లలాడుతున్నాయి. పక్క పొలాల వాళ్లు చాళ్ల వెంట నవ్వుకుంటూ తిరుగుతున్నారు, వాళ్ల విత్తు ఇక మొలిచినట్టే. తమ్ముడు అప్పటిదాకా ఆపుకున్న కోపం బయటపెట్టాడు.

"నీ పిట్ట మోసం చేసింది నాయనా. ఆ పొద్దే ఏసింటే మనదీ ఈపాటికి బయట పడేదానికి తయారుగా ఉండేది. దాని మాట విని ఎనకబడిపోతిమి."

నాయన వినలేదు. కట్ట మీద నిలబడి నీళ్ల వైపు చూస్తున్నాడు. కుంట నడుమ, గుడ్లు ఉండాల్సిన చోటికి సరిగ్గా పైన, రెండు తీతువులూ తిరుగుతున్నాయి. కిందికి దిగబోతాయి, కింద నేల ఉండదు, మళ్లీ లేస్తాయి. అరుపు ఆగదు. చెవులు మూసుకోవాలనిపించింది నాకు, ఊళ్లో వాళ్లలాగే.

"దానికీ తెల్దు పాపా" అన్నాడు నాయన. "దానికేదో తెలుసనుకుంటి ఇన్నేండ్లు. దానికీ మన మాదిరే తెల్దు. మన మాదిరే ఆకాశం చూసినాది, ఈ ఏడు రాదులే అనుకున్నాది, పెట్టినాది. పోయినాయి."

ఆయన ఏడుస్తాడేమో అనుకున్నాను. ఏడవలేదు. టవలుతో ముఖం తుడుచుకుని కట్ట దిగాడు. తమ్ముడు కూడా మెత్తబడి, ఈసారి నెమ్మదిగానే అడిగాడు. "ఎల్లుండికి పదనుకొస్తాది. ఏద్దామా, వద్దా? నీ మాటే అని చెప్పినా గదా." అదే ప్రశ్న. ఈసారి అడగడానికి ఏ పిట్టా లేదు. నాయన వంగి గుప్పెడు మట్టి తీసి పిండాడు, వదిలేశాడు.

బడి తెరవడానికి ఇంకా గడువుంది, నేను అక్కడే ఉండిపోయాను. మూడో నాడు తెల్లారేసరికి మబ్బు విడిపోయింది. అదీ భయమే, ఈ ఎండ ఇలాగే కాస్తే మొలిచింది మాడుతుంది. పోయిన రెండేళ్లూ జరిగింది అదే. ట్రాక్టరు రాలేదు. తమ్ముడు ఎవరి దగ్గరో కాడెద్దులు, గొర్రు తెచ్చి నిలబెట్టాడు. విత్తనాల గోతాం గట్టు మీద ఉంది, మూతి కట్టినది కట్టినట్టే. నాయన దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు. కూర్చోవడం, లేవడం, మళ్లీ కూర్చోవడం. సింగపూరులో కూర్చున్నట్టే. తూర్పున సోలారు పలకలు ఎండకు మెరవడం మొదలైంది.

నాకు ఆయన్ని అట్లా చూడబుద్ధి కాలేదు. బైనాక్యులరు పెట్టుకుని కుంట వైపు తిరిగాను. ఒక తీతువు నీళ్లకు ఇవతల నేల మీద ఉంది. రొమ్ము మట్టికి ఆనించి, కాళ్లతో వెనక్కి తన్నుతూ, ఒళ్లు గుండ్రంగా తిప్పుతోంది. లేచి, ఒక గులకరాయి ముక్కున పట్టి పక్కకు విసిరింది. మళ్లీ రొమ్ము ఆనించింది.

"నాయనా" అన్నాను. "పిట్ట మళ్లా గుంత తీస్తాండాది."

నాయన తల ఎత్తాడు. "తీస్తాండాదా?"

"తీస్తాండాది. పెడతాది మళ్లా."

తమ్ముడు కూడా ఎద్దుల తాళ్లు పట్టుకుని నా వైపే చూస్తున్నాడు. అడిగితే చెప్దామని నేను బైనాక్యులరు దించకుండా ఉన్నాను. అది ఎక్కడుందో నాకు స్పష్టంగా కనబడుతోంది.

మిట్టనా, పల్లంలోనా అని నాయన అడగలేదు. గోతాం ముడి విప్పాడు.